అల్మారా కుడి తలుపు

ఆఫీసులో అందరూ ఆమెను చెక్కక్క అంటారు. వయసు నలభై నాలుగు. పదిహేనేళ్లు ఒక ఫర్నిచర్ దుకాణంలో వంటింటి అరలకీ పుస్తకాల బీరువాలకీ ప్లాన్లు గీసింది. దుకాణం మూతపడ్డాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, కంప్యూటర్లో వస్తువుల మోడల్స్ కట్టడం నేర్చుకుని ఈ చిన్న గేమ్ కంపెనీలో చేరింది. టైర్ల కొట్టు మీద రెండు గదులు, ఆరుగురు మనుషులు, అంతే కంపెనీ. గేమ్‌లో కనిపించే బల్లలు, కుర్చీలు, తలుపులు, మెట్లు అన్నీ ఆమె చేతి పనే. ఆమె కట్టిన సొరుగు లాగి చూస్తే లోపల మేకుల తలలు కూడా ఉంటాయి. ఎవరూ చూడరని తెలిసినా పెడుతుంది. అదో పిచ్చి ఆమెకి.

ఆ వారం కడుతున్నది ఒక పాత లాడ్జి గది. అందులో గోడవారగా రెండు తలుపుల అల్మారా. శుక్రవారం బయటివాళ్లు వచ్చి గేమ్ చూస్తారని మేనేజర్ మేడమ్ ముందే చెప్పింది. మంగళవారం పొద్దున్నే చెక్కక్క తన అల్మారాను తెచ్చి ఆ గదిలో పెట్టింది. ఎడమ తలుపు తేనె రంగులో కళకళలాడుతోంది. కుడి తలుపు మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉంది.

మోడల్స్ కట్టే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూసింది. అక్కడ రెండు తలుపులూ కవలపిల్లల్లా ఉన్నాయి. మళ్లీ గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజన్‌లో పెట్టింది. మళ్లీ నలుపే.

గేమ్ గదుల్లో లైట్లు అమర్చే అతన్ని అందరూ దీపం అని పిలుస్తారు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు.

"దీపం, నీ లైటు కుడివైపు పడట్లేదు చూడు" అంది.

అతను కుర్చీ జరుపుకుని వచ్చి చూశాడు. "పడుతోందక్కా. పక్కనున్న గోడ ఎలా మెరుస్తోందో చూడు. నీ మోడల్లోనే ఏదో ఉంది."

"నా మోడల్లో ఏముంటుంది? నా దగ్గర బానే కనబడుతోందిగా."

"నీ దగ్గర కనబడితే ఏం లాభం? ఇక్కడ కనబడాలి కదక్కా."

అతను మామూలుగానే అన్నాడు గానీ ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక ఎవర్నీ అడగనని పంతం పట్టింది. తనే గదిలో ఇంకో లైటు పెట్టింది. కుడి తలుపు నలుపు కాస్తా బూడిద రంగుకి తిరిగింది, ఎడమది సున్నం కొట్టినట్టు వెలిసిపోయింది. ఆ లైటు తీసేసింది. చెక్క రంగు మార్చింది. అల్మారా మొత్తం చెరిపేసి కొత్తగా తెచ్చి పెట్టింది, అలా తొమ్మిది సార్లు. పెట్టిన ప్రతిసారీ ఇంజన్ నీడలన్నీ మళ్లీ లెక్కగట్టుకోవాలి. దానికి నలభై నిమిషాలు. తెర మీద నీలం గీత నత్తలా పాకుతుంటే, ఆమె చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నిలబడేది. గీత చివరికంటా పాకేది. తలుపు నల్లగానే తేలేది.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇరవైమంది ఇరవై రకాలుగా చెప్పారు. ఒకాయనకి అచ్చం ఇదే తలనొప్పి. తలుపు నలుపుతో సహా అంతా రాసి, కింద మర్నాడు "సరైపోయింది, అందరికీ థాంక్స్" అని ముగించాడు. ఏం చేస్తే సరైపోయిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎదురుగా ఉంటే ఆ మనిషి చెంప పగిలేదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అంతా విన్నాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. "అలాగే వదిలేస్తే ఏమవుతుంది? ఆ పక్క చీకటిగా ఉందేమో అనుకుంటారు" అన్నాడు.

"ఒక హెడ్‌లైటు పోతే నువ్వు అలాగే నడుపుతావా బస్సు?"

"ఎందుకు నడుపుతాను?"

"మరి?"

ఆయన లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఆమె ఓపిక పూర్తిగా చచ్చిపోయింది. దీపం అటుగా వెళ్తూ, "ఇంకా అవ్వలేదా అక్కా?" అన్నాడు. అంతే, నోరు జారింది.

"అసలు నీకు కళ్లు కనబడతాయా? లైట్లు పెట్టే మనిషివి, చీకటెక్కడుందో నీకే తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు?"

గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. దీపం ఆమె వంక ఒక్క క్షణం చూసి, తన చోటికి వెళ్లి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

తప్పు అతనిదేనని అందరిముందూ తేల్చిపారేద్దామని ఆమె ఒక పని చేసింది. అల్మారా కుడి తలుపు ముందు ఒక ఉత్త పెట్టెను పెట్టింది. ఇంజన్‌తో పాటు వచ్చే పెట్టె అది, తను కట్టింది కాదు. అది కూడా నల్లగా తేలితే దోషం లైట్లదే. ఇంక ఎవరూ నోరెత్తడానికి ఉండదు. నలభై నిమిషాలు గడిచాయి. పెట్టె అన్ని వైపులా శుభ్రంగా మెరుస్తోంది. వెనకాల తన తలుపు మాత్రం బొగ్గులా ఉంది.

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి పెట్టెను చెరిపేసింది. కాసేపాగి మళ్లీ పెట్టి చూసింది. పెట్టె మళ్లీ మెరిసింది.

అప్పుడు మొదలుపెట్టింది అల్మారాను ముక్క ముక్కగా విప్పి చూడడం. మోడల్లో ఉన్న ప్రతి పలకకీ బయటివైపు ఒకటి, లోపలివైపు ఒకటి ఉంటుంది. ఇంజన్ బయటివైపునే చూసి వెలుగు వేస్తుంది. ఆమె ఎడమ సగం కట్టి, పని తగ్గుతుందని దాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి కుడి సగం చేసుకుంది. తిప్పినప్పుడు కుడి పలకలన్నీ బయటివైపు లోపలికీ, లోపలివైపు బయటికీ తిరిగిపోయాయి. తన సాఫ్ట్‌వేర్ రెండు వైపులూ ఒకేలా చూపిస్తుంది కాబట్టి అక్కడ తెలియలేదు. ఇంజన్‌లో తెలియాలి. ఆ మాటకొస్తే తెలిసింది కూడా. నెల క్రితం అల్మారా కట్టగానే, నీడల లెక్కేమీ లేకుండా మొదటిసారి పెట్టి చూసినప్పుడు కుడి సగం అసలు కనబడనే లేదు. 'రెండు వైపులా చూపించు' అనేచోట టిక్కు పెడితే కనబడింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లిపోయింది. ఇంత రచ్చకీ మూలం ఆ టిక్కు. పెట్టింది తనే.

టిక్కు తీసేసి, పలకలన్నిటినీ సరైన వైపుకి తిప్పింది. కుడి తలుపు తేనె రంగుకి వచ్చింది. సంతోషం సరిగ్గా నలభై నిమిషాలు నిలిచింది. నీడలు లెక్కగట్టడం అయ్యేసరికి కుడి తలుపు మీద ఎడమ తలుపు నీడ కూడా అచ్చుపడి ఉంది. అట్టపెట్టెను విప్పి నేల మీద పరిచినట్టు ఇంజన్ మోడల్ని పరుచుకుని, దాని మీద నీడలు రాసుకుంటుంది. అద్దంలో తిప్పిన పాపానికి రెండు తలుపులూ అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటిని విడదీసి, ఒక్కో పలకకీ వేరే చోటు చూపించేసరికి గురువారం మధ్యాహ్నం దాటింది. తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా అల్మారా అడుగున, నేలను ఆనుకుని, ఒక నల్లటి చార తేలింది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ ఆ ఉత్త పెట్టెనే తెచ్చి పక్కన పెట్టింది. ఈసారి పెట్టె అడుగునా అదే చార.

లేచి దీపం దగ్గరికెళ్లి, "ఒకసారి వచ్చి చూస్తావా" అంది మెల్లగా.

అతను వచ్చి చూసి తల గోక్కున్నాడు. "ఇది నా పనే అక్కా. ఇవాళ పొద్దున తొందరగా అవ్వాలని నీడల నాణ్యత సగానికి తగ్గించాను. మళ్లీ పెంచడం మర్చిపోయాను."

అనాలంటే అప్పుడు ఆమె చాలా అనొచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా. "నిన్న నేనన్న మాట..." అంది.

"ఏ మాట?"

"నీకు తెలుసు ఏ మాటో."

"తెలుసు." తెర వైపే చూస్తూ అన్నాడు. "గట్టిగానే తగిలింది."

"తప్పుగా అన్నాను. తప్పు నాదే అయింది కూడా."

అతను ఫర్వాలేదని అనలేదు. తల ఊపి, నాణ్యత అంకె పెంచి, నీలం గీత కదిలేదాకా ఆమె పక్కనే కూర్చున్నాడు.

శుక్రవారం పదకొండింటికి బయటివాళ్లు ముగ్గురొచ్చారు. గేమ్‌లో లాడ్జి గదిలోకి వెళ్లారు, అల్మారా ముందునుంచి నడిచి వెళ్లిపోయారు. తలుపు తెరవలేదు, ఆగనైనా ఆగలేదు. ఒకాయన మాత్రం, "ఈ కిటికీ తెరుచుకోదా?" అని అడిగాడు. తెరుచుకోదు. వాళ్లు వెళ్లగానే మేనేజర్ మేడమ్ వచ్చి, "గది బాగుందన్నారు. కిటికీ తెరుచుకునేలా చేయగలవా?" అంది.

"చేస్తాను" అంది చెక్కక్క. ముందు తన పాత మోడల్స్ అన్నీ వరసగా తెరిచి చూసుకుంది. పదకొండు మోడల్స్‌లో ఏడింటికి అదే టిక్కు ఉంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. అలాగే వదిలేయొచ్చు. నెత్తి కొట్టుకుని, మెట్ల పక్క రెయిలింగు మోడల్ తెరిచి పలకలు తిప్పడం మొదలుపెట్టింది. సోమవారం సాయంత్రానికి మూడు అయ్యాయి. కిటికీ ఇంకా మొదలే పెట్టలేదు.