అతుకు ముడి కాదు

వేళ్ళకు బూడిద అద్దుకున్నప్పుడల్లా నాకు మేరమ్మ టీచర్ గుర్తొస్తారు. ధర్మవరంలో పట్టుమగ్గం మీద పాత పోగులు అయిపోతే, వాటి కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకడం నా పని. వేళ్ళు జారకుండా బూడిద రాసుకుంటాం. ఆ చేతులతోనే యాభై రెండో ఏట పలక పట్టాను. రిటైరయ్యాక ఆమె పెనుకొండ నుంచి రైల్లో వచ్చి మా వీధి ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. నా పలకంతా మరకలే. "బూడిదలో అక్షరాలు మొలిపిస్తాండావు లక్ష్మమ్మా!" అని నవ్వేవారు.

అంతకు ముందే నేనొక పనిముట్టు చేశాను. రెండు పోగులను పట్టి అతికే చిన్న చెక్క చక్రం. వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, పని పోతుందన్న భయంతో చేసుకున్నది. హిందూపురంలో ఒకాయన పేటెంటుకు దరఖాస్తు రాశాడు, నేను వేలిముద్ర వేశాను. నేను పలక పట్టిన కొన్ని నెలలకు, ఇలాంటి యంత్రం ముందే ఉందని పేటెంటు ఆఫీసు తిరస్కరించింది. నేను ఆశ వదులుకున్నాను.

టీచర్ వదల్లేదు. ఆ దరఖాస్తు, తిరస్కరణ ఇంగ్లీషు కాగితాలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తెచ్చారు. "నేను చదివి చెప్పను. పనిముట్టు నీది, నువ్వే చదువు."

పని మధ్యలో లేచి వచ్చి, బూడిద వేలు పెట్టి కూడబలుక్కున్నాను. "రెండు పోగులకు ము... డి... ముడి వేసే..."

"ముడి ఎవరేసినారు టీచరమ్మా?" అని అరిచాను. "ముడేస్తే పన్నెలో తట్టుకొని పోగు తెగిపోదా? నాది పురి, కొసలు కలిపి మెలిపెట్టేది! నేను అతుకంటే దరఖాస్తు రాసినాయప్ప ముడనుకున్నాడు!"

పన్నె అంటే మగ్గానికి దువ్వెన లాంటిది. పోగులన్నీ దాని సందుల్లోంచే రావాలి. తర్వాతి పేజీ చదివితే, పేటెంటు ఆఫీసు వాళ్ళు చూపిన పాత యంత్రం ముడి వేసేదే!

"బొమ్మ యాడుండాది? దరఖాస్తులో బొమ్మ!" అంటూ టీచర్ కాగితాలు తిరగేశారు. బొమ్మలో పోగులు పెనవేసుకునే ఉన్నాయి.

అప్పీలు గడువు దాటకముందే హిందూపురంలో ఒక వకీలు దగ్గరికి పరుగెత్తాం. "ఇప్పుడు కొత్త సంగతి చేర్చనివ్వరమ్మా," అన్నాడాయన.

"కొత్తది యాడిది సార్? మొదటిరోజే బొమ్మలో ఉండాది," అన్నారు టీచర్. నావైపు తిరిగి, "చూపించవే!"

వెంట తెచ్చిన పన్నె ముక్కలో ముందు ముడి వేసిన పోగు లాగాను. చిక్కుకుంది. పురి పెట్టినది సర్రున జారిపోయింది. వకీలు కళ్ళద్దాలు సవరించుకుని, "ఇంకోసారి లాగమ్మా," అన్నాడు. ఆ రోజు కాగితాల మీద మొదటిసారి సంతకం పెట్టాను.

అప్పీలులో తిరస్కరణ కొట్టేశారు. 'ముడి' అన్న మాట సరిదిద్ది మళ్ళీ పరిశీలించమన్నారు. చివరికి పేటెంటు వచ్చింది.

దాన్ని పటం కట్టించమన్నారు అందరూ. నేను కట్టించుకున్నది టీచర్ రాసిచ్చిన కాగితాన్ని. అందులో 'ముడి' అన్న మాట కింద బూడిద మరక ఉంది. నా చివరి వేలిముద్ర అదే.