చిచ్చా ఇంటికి కప్పు లేదు

మీరు మాట తప్పారు. ఇది చదువుతున్న మీరే. పక్కింటి వైపు చూడకండి. మీ ఇంటి కప్పు నిలవడం కోసం తన ఇంటి కప్పు విప్పించిన మనిషిని మూడు వానాకాలాలు తడవనిచ్చారు. పోయిన శుక్రవారం పొద్దున ఆ మనిషి చనిపోయాడు. కబురు విని "అయ్యో" అన్నారు, వచ్చారు, మొండిగోడల పక్కన తలలు వంచుకుని నిలబడ్డారు. వాన పడుతోంది. శవం తడవకుండా నలుగురం గొంగడి చెరగులు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది, అదీ ఇంటి లోపల. ఒక చెరగు నేనూ పట్టుకున్నాను. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది.

ఆయన మన ఊరి దూదేకే చిచ్చా. ఆయన విల్లు మోగని వాకిలి మన ఊళ్లో లేదు. మీరు పడుకునే పరుపులో, మీ పిల్లలు కప్పుకునే బొంతలో ఆయన ఏకిన దూదే ఉంది. అయితే నేను రాస్తున్నది ఆయన చేసిన రెండో పని గురించి. దానికి ఆయనకు ఎవరూ కూలి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

మంటలార్పే నీళ్ల ఇంజను పట్నంలో ఉంటుందని విన్నాం కానీ, కేతేపల్లి దారిలో ఉన్న మన ఊళ్లో దాన్ని చూసినవాడు లేడు. ఉన్నవి తాటాకు ఇళ్లు, చూరుకు చూరు తగిలేటంత దగ్గరగా. ఎండాకాలంలో పొయ్యిలోంచి ఒక రవ్వ ఎగిరితే చాలు. మనకున్న అగ్నిమాపక దళం చిచ్చా జట్టే. తాటిచెట్లెక్కే గౌండ్లవాళ్లు దోటికట్టెలతో కప్పు లాగేవాళ్లు. గొల్లలు తడి గొంగళ్లతో నిప్పురవ్వలను అణిచేవాళ్లు. ఆడవాళ్లు బావి నుంచి బుంగలు అందించేవాళ్లు.

చిచ్చా మాత్రం ముందు బావి వైపు పరుగెత్తేవాడు కాదు. రొండిన దోపుకున్న దూది తీసి చిటికెడు గాలిలోకి వదిలేవాడు. అది తేలుతూ ఎటు పోతే అటు వేలు చూపించేవాడు.

"గా ఇల్లు ఇప్పుండ్రి."

కాలుతున్న ఇంటిని కాదు, దాని అవతల ఇంకా అంటుకోని ఇంటిని. ఆ కప్పు విప్పి తాటాకు దూరంగా ఈడ్చేస్తే, అక్కడిదాకా వచ్చిన మంటకు తినడానికేమీ దొరకదు. ఆ తర్వాతి వరుస బతుకుతుంది. కానీ నిక్షేపంలా ఉన్న తన ఇంటిని ఎవడు విప్పనిస్తాడు? అందుకే ఊరంతా ఒక మాట అనుకుంది. విప్పిన కప్పు ముందు. కాలిన ఇంటికన్నా ముందు విప్పిన ఇంటిని అందరూ కలిసి కప్పాలి, ఇంటికో మోపు తాటాకుతో, వాన పడకముందే. ఎక్కడా రాసుకోలేదు. రాయనక్కర్లేని మాట అనుకున్నాం.

ఒకసారి దూది మా వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ ఇంటి మీదికి పోయింది. ఆమె గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"నీ దూది పాడుగాను! ఊర్ల గిన్ని ఇండ్లుండంగ నా ఇంటి మీదికే రావాల్నా?"

"దూదికి చుట్టాలు లేరవ్వా. జర పక్కకు జరుగు, మీద ఆకు పడ్తది."

"కప్పు కప్పకపోతె నీ విల్లు పొయిల పెడ్త!"

"పెడుదువుగాని, ముందుగాల కోళ్లను ఇడువు."

వారం తిరక్కముందే ఆ ఇంటికి కొత్త కప్పు పడింది. కప్పుతున్నంతసేపూ అవ్వ కింద కూర్చుని "గీ మూలకు ఎలుతురు కనవడుతాంది, కండ్లు లేవా మీకు?" అని తిడుతూనే ఉంది. తర్వాత బతికినన్నాళ్లూ ఊరంతా కప్పిన ఇల్లు నాదేనని చెప్పుకుంది.

ఇక పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. సంఘం పిల్లలకు అన్నం పెట్టారన్న కోపంతో రజాకార్ల గుంపొకటి మిట్టమధ్యాహ్నం తుపాకులతో వచ్చి, సాలెవాడ మొదటి ఇళ్లకు నిప్పు పెట్టి పోయింది. వాళ్ల దుమ్ము అణగకముందే చిచ్చా వీధిలోకి వచ్చాడు. దూది వదిలాడు. అది నేరుగా ఆయన ఇంటి వైపే పోయింది. గాలి మారిందేమోనని మరో చిటికెడు వదిలాడు. అదీ అటే పోయింది.

"గిది మా ఇంటి తొవ్వ మరువలే," అని నవ్వాడు.

ఆయన భార్యను మేమంతా చిన్నమ్మ అంటాం. రొట్టె చేస్తున్న పిండిచేతులతోనే బయటికి వచ్చింది.

"ఏందయ్యా, మనదేనా?"

"మనదే."

"బియ్యం కుండ తీసుకోనియ్యి మరి."

కుండ తెచ్చుకుంది, విల్లు తెచ్చుకుంది. గౌండ్లవాళ్లకు చేతులాడలేదు. మొదటి దోటి చిచ్చానే తగిలించి లాగాడు. మంట ఆయన మొండిగోడల దగ్గర ఆగిపోయింది. అవతలి వరుసలో మీ ఇళ్లున్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ఏడు కప్పలేకపోయాం. దాడులకు భయపడి సగం ఊరు చేన్లపాలైంది. సరే, ఆ వానాకాలాన్ని లెక్కలోంచి తీసేద్దాం. తర్వాత మిలిటరీ వచ్చి క్యాంపు వేసింది. వలసపోయినవాళ్లు తిరిగొచ్చారు. అప్పుడు చావడిలో ఒకడన్నాడు: "రజాకారోని ఇల్లు మనమెందుకు కప్పాలె?"

చిచ్చా రజాకారు కాడని అన్నవాడికి తెలుసు. వాడి ఇల్లు ఆ వరుసలోదే. కొందరు నవ్వారు. మిగతావాళ్లు వినపడనట్టు ఊరుకున్నారు. తురకవాడి కోసం నోరు తెరిస్తే తమనేమంటారోనని వాళ్ల జంకు. సంఘంలో తిరిగినందుకు నేనప్పుడు జైల్లో ఉన్నాను. అది సాకు కాదు. బయటికొచ్చాక రోజూ ఆ మొండిగోడల పక్కనుంచే నడిచి వెళ్లి, సమష్టి శ్రమ గురించి వ్యాసాలు రాశాను. ఒక్క తాటిమట్ట మోయలేదు.

గుంపుగా చేరితే క్యాంపు వాళ్లు సంఘపోళ్లని పట్టుకుంటారని భయపడ్డామని చెప్తారు మీరు. పెళ్లిళ్లకు గుంపుగా చేరలేదా? బతుకమ్మకు చేరలేదా? తాటాకు మోపు దగ్గరే భయం గుర్తొచ్చిందా? ఇల్లు కప్పుకుంటామని క్యాంపుకు పోయి అడిగినవాడు మీలో ఒక్కడున్నాడా?

"ఊరిని ఎందుకడగవు చిచ్చా?" అని ఒకసారి అన్నాను.

"అడిగితె అది బిచ్చమైతది బిడ్డా. ఇప్పినప్పుడు నేనేమన్న అడిగిన్నా?"

పోయినేడు పై వీధిలో మంట లేచింది. చిచ్చా దగ్గుకుంటూనే వచ్చాడు. దూది వదిలాడు, వేలు చూపించాడు. ఆ ఇంటి రైతు గొడ్డలి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"ఇప్పనియ్య. ఇప్పినంక కప్పెటోళ్లెవలు? నీ ఇల్లు ఎవలు కప్పిండ్రు చిచ్చా?"

చిచ్చా మా వైపు చూశాడు. మేము నేల చూశాం. ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నీళ్లున్నాయి, దోటీలున్నాయి, మనుషులున్నారు. ఆ కప్పు మీద ఒక్క దోటీ పడలేదు. వరుస చివరిదాకా కాలిపోయింది. ఆ రైతును తిట్టకండి. వాడు అడిగింది న్యాయమే.

ఆ తర్వాత చిచ్చా రొండిన దూది పెట్టుకోలేదు. గదిలో ఒక మూల నాలుగు మట్టలు ఏటవాలుగా ఆనించుకుని ఇద్దరూ కాలం గడిపారు. తేమకు విల్లు నరం సడలి మోగడం మానేసింది. విల్లు మోగకపోతే కూలి లేదు. మిగిలింది దగ్గు. అది శుక్రవారం ఆగింది.

అయ్యో అనడం చాలు. కావలసినవి ఇవి.

ఈ ఆదివారం చిన్నమ్మ ఇంటికి కప్పు పడాలి. ఇంటికో మోపు తాటాకు. మనిషితో పంపొద్దు, ఎవరిది వాళ్లే మోసుకురావాలి.

చావడిలో ఆ మాట అన్నవాడు, నవ్వినవాళ్లు, ఊరుకున్నవాళ్లు నిచ్చెన ఎక్కి ఆకు కట్టాలి. నేనూ ఎక్కుతాను.

అది అయ్యాక పై వీధి రైతు ముందు నిలబడి, ఇకముందు విప్పిన ప్రతి కప్పూ కప్పుతామని ఊరు మాట ఇవ్వాలి.

తాలూకాకు ఒక నీళ్ల ఇంజను సర్కారు ఇవ్వాలి. ఇచ్చేదాకా, మంట ఆర్పడానికి చేరిన జనం మీద ఎవరూ కేసు పెట్టకూడదు.

జట్టు మళ్లీ కట్టాలి. దూది తన ఇంటి వైపే పోయినా వేలు చూపగల మనిషిని వెతకాలి.

క్షమించమని చిన్నమ్మను ఎవరూ అడగకూడదు.

గోడకున్న విల్లును ఎవరూ తీయకూడదు. కొత్త కప్పు కింద దాని నరం ఆరాలి.