తొడిమ లేని రసాలు, ఉప్పుటేటి పండుగప్ప

ఉప్పుటేటిలో తాటిదోనె మీద పండుగప్ప చేప వేటకి వెళ్లాలని ఉంది, ఎలా వెళ్లాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్క ప్రయాణం గురించే. అది అరవై ఒకటో, అరవై రెండో సరిగ్గా గుర్తులేదు. మే నెల మాత్రం ఖాయం. నాకప్పుడు ఇరవై ఏళ్లు, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు చాట్రాయి దగ్గరి మా మామిడి తోటలో పూతకి తేనెమంచు పురుగు పట్టి మొత్తం మాడి రాలిపోయింది. పచ్చడికి కూడా కాయ దక్కలేదు. అంతకు ముందు ఏడూ కాపు అంతంతమాత్రమే. నాన్న ఎవరితోనూ సరిగా మాట్లాడటం మానేశారు. చివరికి ఒకరోజు, తోట కొట్టించేస్తానని హనుమాన్ జంక్షన్‌లోని కలప అడితికి కబురు పెట్టారు. గురువారం రంపాలు వస్తాయని ఖాయమైంది. మేము ప్రయాణమైంది మంగళవారం.

ఈ ప్రయాణం నాన్నకి ఏటా అలవాటే. అప్పటికి ఆరేళ్ల కిందట పోతురాజు అనే జాలరి దోనె చెక్కుకోవడానికి లావుపాటి తాటిచెట్టు వెతుక్కుంటూ మా వైపు వచ్చాడు. మా తోట గట్టు మీది చెట్టు అతనికి నచ్చింది. నాన్న డబ్బు తీసుకోకుండా ఇచ్చేశారు. అప్పటినుంచి ప్రతి వేసవిలో మొదటి కోత పళ్లు ఒక బుట్టెడు నాన్న అతనికి పట్టుకెళ్తారు, ఆ దోనెలోనే కూర్చుని గాలం వేస్తారు, ఒక పండుగప్పతో తిరిగొస్తారు. ఈసారి మాత్రం రానన్నారు. "వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నారు. అమ్మ ఊరుకోలేదు. "చెట్లు కొట్టించాక ఎలాగూ వెళ్లరు. ఒక్కసారి చూసి రండి, అమ్మాయిని తీసుకెళ్లండి" అని పట్టుబట్టింది. మా అమ్మ పట్టుబట్టిందంటే మా నాన్నే కాదు, నూజివీడు తహసీల్దారైనా తలవంచాల్సిందే.

నూజివీడులో తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కితే ఆరు కొట్టేసరికి హనుమాన్ జంక్షన్‌లో దిగాం. టిక్కెట్టు మనిషికి అర్ధరూపాయి లోపే. గుడివాడ బస్సుకి ఇంకా అరగంట ఉంది. కాఫీ తాగుదామనుకుంటే నాన్న తిన్నగా పళ్ల దుకాణం ముందు ఆగారు. ఆయన జన్మలో మామిడిపండు కొనడం అదే మొదటిసారి. ఒక్కో పెద్దరసాన్నీ ముక్కు దగ్గర పెట్టుకోవడం, నొక్కి చూడటం, పక్కన పెట్టేయడం. దుకాణం ఆయనకి ఓపిక పోయింది.

"ఏంటండీ, పెళ్లిచూపులకి వచ్చినట్టు చూస్తున్నారు? తినడానికేగా!"

నాన్న నవ్వలేదు. రెండు డజన్లు ఏరి, ఇంటినుంచి తెచ్చిన బుట్టలో ఎండుగడ్డి వేసి సర్దారు. బస్సెక్కాక నాతో మెల్లగా, "అక్కడ మన తోటవే అను, అమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నాన్న అబద్ధం చెప్పమనడం అంతకుముందు ఎన్నడూ లేదు. సరేనన్నట్టు తలూపాను.

గుడివాడలో రైలెక్కి ఆకివీడులో దిగాం. అక్కణ్ణుంచి ఏటిగట్టు వెంట గంట నడక. గొడుగు తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వేసవిలో సముద్రపు పోటు ఉప్పుటేటిలోకి ఎగదన్నుతుంది, దానితోపాటే పండుగప్పలు పైకి వస్తాయి. అవి రొయ్యల కోసం గట్ల వెంబడి లోతు తక్కువ నీళ్లలోకి చేరేటప్పుడే వేట. ఆ రోజు పోటు పదకొండింటికి.

పోతురాజు ఎదురొచ్చి నాన్న చేతిలోని బుట్ట అందుకున్నాడు. ఒక్క క్షణం లోపలికి చూసి, "దండిగా తెచ్చారండి బాబుగారూ" అని భార్య నాగమ్మకి ఇచ్చాడు. నాన్న ఏటివైపు తిరిగిపోయారు.

తాటిదోనె అంటే తాటిమానుని మధ్యకి చీల్చి తొలిచిందే, ఇంకేం లేదు. మొదలు వైపు లావుగా ఉంటుంది, మనం అక్కడ కూర్చోవాలి. చెయ్యి పక్కకి జార్చితే నీళ్లు తగులుతాయి. ఒక దోనెలో నాన్న, పోతురాజు. ఇంకోదాంట్లో నేను, గడ వేస్తూ నాగమ్మ. అలవాటు లేక నేను బిగుసుకుని కూర్చుంటే ఆవిడ నవ్వింది. "ఊపిరి పీల్చొచ్చండి, దానికేం ఒరగదు" అంది. నీళ్లు నడుం లోతు కూడా లేవు. అడుగున నాచులో చిన్న చేపలు చెదిరిపోవడం కనబడుతోంది. మాట్లాడితే చేప బెదురుతుందని నాన్నవాళ్ల దోనె దూరంగా వెళ్లింది.

వాళ్లు వినలేనంత దూరం వెళ్లాక నాగమ్మ అడిగింది. "పళ్లు మీ తోటవి కావు గదండీ, అమ్మాయిగారూ?"

నేను దోనె అంచు పట్టుకుని నీళ్లలోకి చూశాను.

"బాబుగారు తెచ్చే ప్రతి పండుకీ బొటనవేలంత తొడిమ ఉంటదండి. తొడిమ ఉంచి కోయకపోతే సొన కారి తొక్క కాలిపోద్దని ఆయనే చెప్పారు మాకు. ఈ బుట్టలో ఒక్కదానికీ లేదు. మా ఆయన చూడగానే కనిపెట్టేశాడు. అనొద్దన్నాడు."

పండు వాసన చూసి, బరువు చూసి, రంగు చూసి ఏరిన మనిషి, తన చేత్తో ఏటా ఉంచే ఆ తొడిమనే చూడటం మర్చిపోయారు. నేను దాచలేక అన్నీ చెప్పేశాను, పూత మాడిపోవడం, గురువారం రాబోయే రంపాలు. నాగమ్మ గడ ఆపేసింది. దోనె దానంతటదే కొంచెంసేపు కదిలింది.

ఇంతలో అటునుంచి కేక. నాన్న గాలానికి చేప తగిలింది. తోటలో గెడకి కట్టిన చిక్కంతో కాయ లాగేవాళ్లు ఒక్క గుంజు గుంజుతారు, కాయ వలలో పడుతుంది. నాన్న చెయ్యి అదే చేసింది. పండుగప్ప నీళ్లపైకి ఎగిరి, తల విదిల్చి, తాడు తెంపుకుపోయింది. ఆ విసురుకి దోనె తిరగబడింది. నాన్న లేచి నిలబడేసరికి నెత్తిన నాచు, చేతిలో తెగిన తాడు. పోతురాజు గాభరాగా, "దెబ్బ తగిలిందా బాబుగారూ?" అంటున్నాడు. నాన్న నాచు తీసి చూసుకుని పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

బట్టలు ఆరేలోపు పోతురాజు ఎటో వెళ్లాడు. రెండింటికల్లా తడి గోనెలో మూరెడు పండుగప్ప తెచ్చాడు. "మళ్లీ వెళ్లి పట్టానండి" అన్నాడు. నాన్న మురిసిపోయారు. చేపని బుట్టలో సర్దుతుంటే నాగమ్మ నా చెవిలో అంది.

"ఇది పట్టింది కాదండి, పొరుగువాళ్ల దగ్గర కొన్నది. పోయినేడూ, అంతకుముందూ కూడా మాకు పడక కొన్నదేనండి. బాబుగారు అంత దూరం నుంచి వస్తే వట్టి చేతుల్తో ఎలా పంపుతామండీ? ఆయనతో అనకండేం." అననని మాటిచ్చాను.

తిరుగు రైల్లో నాన్న ఆ చేప గురించే మాట్లాడుతూ కూర్చున్నారు. మాట ఇచ్చి తప్పడం మంచిది కాదని నాకూ తెలుసు. అయినా గురువారానికి మధ్య ఒక్క రోజే ఉంది. తొడిమల సంగతి ముందు చెప్పాను. నాన్న మొహం పాలిపోయింది. తర్వాత చేప సంగతి చెప్పాను.

"ఎన్నేళ్లుగా?"

"మూడేళ్లుగా, నాన్నా."

"దొంగ వెధవ" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపైన తనలో తను అనుకున్నట్టు, "మూడేళ్లు చేప పడకపోయినా దోనె చీల్చి పొయ్యిలో పెట్టుకోలేదే వాడు" అన్నారు.

దీపాలు పెట్టే వేళకి హనుమాన్ జంక్షన్‌లో దిగాం. నాన్న నూజివీడు బస్సువైపు కాకుండా అడితివైపు నడిచారు. "గురువారం రావద్దండి" అన్నారు గుమ్మంలోనే.

"ఏంటండీ, రేటు నచ్చలేదా?"

"రేటు కాదండి. మనసు మారింది."

నాగమ్మకిచ్చిన మాట తప్పినందుకు నాకు ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంటుంది. ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు, నాన్నా తనకి తెలిసినట్టు పోతురాజు దగ్గర బయటపడలేదు. ఇద్దరూ ఒకరి అబద్ధాన్ని ఒకరు కాపాడుకుంటూ ఇంకా చాలా వేసవులు ఆ ఏట్లో తిరిగారు. స్నేహం అంటే అన్నీ నిజాలే చెప్పుకోవడం అని నేను చదువుకున్న పుస్తకాల్లో ఉంది, వీళ్లని చూశాక అంత గట్టిగా అనలేను. వెళ్లేవాళ్లకి నా సలహా ఒక్కటే. పోటు వేళ ముందురోజే ఏటి ఒడ్డున కనుక్కుని, అది ఎక్కడానికి అరగంట ముందే దోనెలో కూర్చోండి, పోటు తగ్గాక వెళ్తే ఎండే దక్కుతుంది. ఇక మా తోట సంగతంటారా, మరుసటి ఏడూ పెద్దగా కాయలేదు. మొదటి కోతకి సరిగ్గా ఒక్క బుట్ట వచ్చింది. నాన్న ఆ బుట్ట ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే, ఇంట్లోకి ఒక్కటైనా ఉంచరా అని అమ్మ అడిగింది. "మనకేం తొందర, చెట్లున్నాయిగా" అన్నారు.