మా కోడిగుడ్డు బంతి జట్టుకు గెలుపు నేర్పిన వైనం

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, పిల్లల్ని ఆస్ట్రేలియా చదువులకు పంపే ఒక కన్సల్టెన్సీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. మా యజమాని సార్‌ది గుంటూరు వైపు. ఆ మెయిన్ రోడ్డు మీద కర్రీ పాయింట్లకన్నా కన్సల్టెన్సీలే ఎక్కువ కాబట్టి, వాటన్నిటిలో తనది వేరని చూపించుకోవాలని ఆయనకు మహా తపన. ఒకరోజు కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఎర్ర బంతి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు.

"అమ్మా, ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ అంటే ఇదేనంట. మన పిల్లలు ఇది ఆడతారని తెలిస్తే వీసా ఆఫీసరు లేచి నిలబడి దండం పెట్టడూ!"

రూల్స్ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది. ఆఫీసులో దాన్ని చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే. ఆ నేరానికి నన్ను జట్టుకు మేనేజర్ని చేశారు.

బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు, విసరకూడదు. మైదానం చివర నాలుగు పొడవాటి గుంజలుంటాయి. నడిమి రెండిటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒకటి ఇస్తారు. ఈ సంగతి చెబితే సార్ నిట్టూర్చారు. "తప్పుకి కూడా మార్కా! ఎంసెట్ ఇలా పెట్టుంటే మావాడికి సీటొచ్చేది కదమ్మా."

చైతన్యపురి హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు దొరికారు. సగం మంది నల్గొండ పల్లెలవాళ్ళు, సగం మంది కోస్తావాళ్ళు. కెప్టెన్ నకిరేకల్ దగ్గరి ఊరివాడు, ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకుంటున్న పాత కబడ్డీ ఆటగాడు. వాడి చేతికి చిక్కిన బంతిని లాక్కోవడం ఎవరి తరమూ కాదు. గోల్ కొట్టేవాడు గుంటూరు కుర్రాడు. మనిషి పుల్లలా ఉంటాడు గానీ ఎంత దూరం నుంచి తన్నినా గురి తప్పదు. ఇలాంటి ఇద్దరుండగా మేం నగరంలో ఉన్న నాలుగైదు జట్ల చేతిలోనూ వరసపెట్టి ఓడిపోయాం. సగం మందే వచ్చిన జట్టు చేతిలో కూడా ఓడిపోయాం.

కారణం నాకు మొదటి ఆటలోనే అర్థమైంది. కెప్టెన్ బంతి పడతాడు. ఎదురుగా గుంటూరు కుర్రాడు ఒంటరిగా, చేతులూపుతూ నిలబడి ఉంటాడు. కెప్టెన్ వాణ్ణి చూసి, నలుగురి మధ్య ఇరుక్కున్న తన జిల్లావాడికి బంతి ఇస్తాడు. కోస్తా కుర్రాళ్ళూ అంతే. ఢిల్లీలో ఎవరైనా రాష్ట్రం గురించి ఒక మాటంటే మర్నాడు పొద్దున మా దగ్గర పాసులు బంద్.

"ఏంది తమ్మీ, గా పిలగాడు ఖాళీగనే ఉన్నడు గదా?" అని అడిగాను ఒకసారి.

"నీళ్ళు గూడ ఆళ్ళకే, కొలువులు గూడ ఆళ్ళకే. బాల్ గూడ ఆళ్ళకేనా అక్కా?" అన్నాడు కెప్టెన్.

గుంటూరు కుర్రాణ్ణి అడిగితే, "ఆయనకి బంతిస్తే అది కూడా మా వాటాయేనంటాడు మేడం" అన్నాడు.

సార్‌కి ఈ గొడవ పట్టలేదు. బెంగళూరు నుంచి ఒక ట్రైనర్‌ను దింపారు. అంతకుముందు ఆయన సబ్బులమ్మే ఏజెంట్లకు ఉత్సాహం నూరిపోసేవాడట. ఎండాకాలంలో కోటు వేసుకుని వచ్చి, ఆట చూడకుండానే రోగం కనిపెట్టాడు. "మీకు ఆట వచ్చు. మీకు లేనిది విన్నింగ్ కల్చర్!"

ఆ రోజు నుంచి 'ఓడిపోయాం' అనే మాట నిషేధం. 'గెలుపు వాయిదా పడింది' అనాలి. పొద్దున్నే అద్దంలో చూసుకుని 'నేను విజేతను' అని పదేపదే అనుకోవాలి. హాస్టల్లో ఉన్నదొక్క అద్దం, అదీ బాత్రూమ్ గోడకు. విజేతలు వరసలో నిలబడటంతో మిగతావాళ్ళకు స్నానాలు ఆలస్యమై, వార్డెన్‌కు ఫిర్యాదు వెళ్ళింది.

తర్వాత ట్రైనర్ మైదానంలో పెద్ద బ్యానర్ కట్టించాడు: 'సమైక్యంగా గెలుద్దాం!'

కెప్టెన్ దాన్ని చదివి బంతి కింద పెట్టాడు. "ఇగ మేం ఆడం" అని తనవాళ్ళను తీసుకుని వెళ్ళిపోయాడు. 'సమైక్యం' అంటే ఇక్కడ రాష్ట్రాన్ని విడదీయొద్దనేవాళ్ళ నినాదమని ట్రైనర్‌కు నేను చెప్పాల్సి వచ్చింది. మర్నాడు కొత్త బ్యానర్ వచ్చింది: 'ఎవరి బలం వారిదే! విడివిడిగా వెలుగుదాం!' ఈసారి గుంటూరు కుర్రాడు, "అంటే విడగొట్టేద్దామనా మీ ఉద్దేశం?" అని లేచాడు. కోస్తావాళ్ళంతా వాడి వెనకే నడిచారు. మూడో బ్యానర్ మీద అక్షరం లేదు, కంగారూ బొమ్మ ఒక్కటే. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ ఆదివారం మా గెలుపు మళ్ళీ వాయిదా పడింది.

ఇంతలో బంద్ వచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరికీ వడ్డించడం ఉద్యమంలో ఒక నిరసన. కొత్తపేట నుంచి మా అత్తమ్మ నన్ను వెంటేసుకుని, కూరగాయల సంచితో బయలుదేరింది. అక్కడ మా కెప్టెన్ గంటె పట్టుకుని సాంబారు వడ్డిస్తున్నాడు. కొంచెం దూరంలో గుంటూరు కుర్రాడు నిలబడి ఉన్నాడు. మెస్ మూశారు, హోటళ్ళు మూశారు. ఆకలి తీసుకొచ్చింది గానీ లైన్లో చేరే ధైర్యం చాల్లేదు. కెప్టెన్ చూడనే చూశాడు. ఏం గొడవవుతుందోనని నేను దగ్గరికి నడిచాను.

"గట్ల నిలవడ్డవేంది? ప్లేట్ తీస్కో."

"జై కొట్టాలా?"

"కొట్టకున్నా పెడ్తం. కొడితే ఇంకో గంటె ఎక్కువ."

వాడు ఒక ముద్ద తిన్నాడు. "సాంబార్లో ఉప్పు తక్కువైంది బాబాయ్. ముందు అది చూడు."

లైన్లో ఉన్నవాళ్ళంతా బిగుసుకుపోయారు. కెప్టెన్ కాస్త అరచేతిలో పోసుకుని నాకి, "అవు, నిజమే" అని, వెనక్కి తిరిగి ఉప్పు కోసం కేకేశాడు. మా అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిన్నాక రోడ్డు చూస్తే, విజయవాడ వైపు కనుచూపు మేర ఒక్క బస్సు లేదు. కెప్టెన్ సంచిలోంచి బంతి తీశాడు. గుద్దాడు. గుంటూరు కుర్రాడు అందుకుని తన్నాడు. కోడిగుడ్డు బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. కాపలా ఉన్న పోలీసులు రెండుసార్లు తప్పుకుని, మూడోసారి వాళ్ళే అందించారు.

"లేటుగ ఉరుకుతున్నవ్ బయ్!" అని అరిచాడు కెప్టెన్.

"నువ్వు చూడకుండా గుద్దుతున్నావ్! చూసి గుద్దితే కదా పరిగెత్తేది!"

ఎండలో నిలబడి చాలాసేపు తిట్టుకున్నారు. అన్ని నెలల్లో వాళ్ళిద్దరూ ఆట గురించి తిట్టుకోగా వినడం నాకదే మొదలు.

ఆ తర్వాతి ఆట గెలిచాం. ఒక ఇంజనీరింగ్ కాలేజీ జట్టు మీద, బాగానే గెలిచాం. విరామంలో హైదరాబాద్ ఎవరిదన్న దాని మీద ఇద్దరూ కొట్టుకున్నంత పనిచేశారు. విజిల్ వేయగానే మళ్ళీ బంతి ఒకరి పిడికిలి నుంచి ఒకరి కాలికి సాఫీగా పోయింది.

సార్ సన్మాన సభ పెట్టారు. ట్రైనర్‌కు శాలువా, సార్‌కు శాలువా. బంతికి బొట్టు పెట్టి దండ వేశారు. ఆటగాళ్ళు సమోసా ప్లేట్లతో వెనక నిలబడ్డారు. "మూడు బ్యానర్లతో ఒక జట్టు తలరాత మార్చాను" అన్నాడు ట్రైనర్, శాలువా సర్దుకుంటూ. వారం తిరక్కుండానే ఆఫీసు ముందు బోర్డు వెలిసింది: 'విన్నింగ్ కల్చర్, కొత్త బ్యాచ్ ప్రారంభం'. బోధించేది నేను. అందరికీ ఆదర్శంగా ఉండేందుకు మొదట జట్టువాళ్ళే ఫీజు కట్టి చేరాలని సార్ కోరిక.

"గెల్సింది మేమే, నేర్సుకునేది గూడ మేమేనా సార్?" అన్నాడు కెప్టెన్.

"పైగా ఫీజు కూడానా?" అన్నాడు గుంటూరు కుర్రాడు.

ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం చూసి సార్ కంగారుపడ్డారు. జట్టంతా ఆ రోజే బయటికి నడిచింది. నేను ఒక బ్యాచ్‌కి గెలుపు బోధించాను. ఏ ఆటా ఆడనివాళ్ళు కాబట్టి వాళ్ళెప్పుడూ ఓడిపోలేదు, అందువల్ల పాఠం సులువుగానే ఎక్కింది. తర్వాత నేనూ మానేసి, నాగోల్‌లో ఒక స్కూల్లో చేరాను.

కుర్రాళ్ళు సొంతంగా ఆడుకుంటూనే ఉన్నారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. జట్టుకు పేరు పెట్టడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. ఒకరు చెప్పిన పేరులో రెండోవాళ్ళకు ఏదో ఒక కుట్ర కనిపించేది.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక తొలి ఆదివారం వాళ్ళ ఆట చూడ్డానికి వెళ్ళాను. కెప్టెన్ లడ్డూల డబ్బాతో వచ్చి అందరికీ పంచాడు. గుంటూరు కుర్రాడు వద్దని తల అడ్డంగా ఊపాడు. కెప్టెన్ బలవంతం చేయలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, బూట్ల లేసులు కట్టుకుని మైదానంలోకి వెళ్ళారు.