సగం పని చూపించిన శుక్రవారం

గద్వాల నేతింటి పిల్ల లహరి. మగ్గం మీదున్న చీర పూర్తికాకముందే పరాయివాళ్ల కంట పడితే దిష్టి తగులుతుందని వాళ్లమ్మ శాంతమ్మ దాని మీద గుడ్డ కప్పేసేది. ఆ అలవాటు పిల్లకూ ఒంటబట్టింది. వనపర్తిలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మూడేళ్లుగా చేస్తోంది. పనిమంతురాలే, కాదనను. కానీ అంతా అయ్యేదాకా తన కంప్యూటర్‌లో ఏముందో పక్క కుర్చీవాళ్లకైనా తెలియనిస్తేనా!

అలాంటి పిల్ల నెత్తిన ఈ ఏడాది కొత్త పద్ధతి వచ్చిపడింది. అజైల్ అట. రోజూ పొద్దున అందరూ నిలబడి నిన్న ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి. రెండు వారాలకోసారి, అయినంత మటుకు, వాడుకునేవాళ్లకే చూపించాలి. కూర సగం ఉడకగానే చుట్టాల్ని పిలిచి రుచి చూడమన్నట్టు! లహరికి ప్రాణం మీదికొచ్చింది.

ఆమె చేస్తున్నది ఒక దవాఖాన పని. వచ్చిన రోగులకు నంబరిచ్చి, వరుస రాగానే గోడమీది తెరపై ఆ నంబరు చూపాలి. రెండుసార్లు "ఇంక కాలే సార్" అని తప్పించుకుంది. మూడోసారి మేనేజర్ సాయినాథ్ పక్కకు పిలిచాడు.

"గిట్లయితే ఎట్ల లహరీ? ఈ శుక్రవారం గూడ చూపియ్యకుంటే పని వేరేటోళ్లకు ఇయ్యాల్సొస్తది. నాకు గూడ మంచిగనిపిస్తలేదమ్మా."

రెండు నెలలు ప్రాణం పెట్టి చేసిన పని. ఇంకొకరి చేతికి పోతుందంటే పాపం, ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం దవాఖాన నుంచి నర్సు హెప్సిబా వచ్చింది. యాభై దాటిన మనిషి.

"సగమే అయింది సిస్టర్. తప్పులుంటయి," అంటూనే లహరి కంప్యూటర్ ఆమె వైపు తిప్పి చూపించింది.

"మంచిగుంది బిడ్డా. కాని ఊర్లకెళ్లి వచ్చే ముసలోళ్లకు నంబర్ చదవరాదు గదా. పేరు పెట్టి పిలుస్తదా ఇది?"

లహరి తెరమీది నంబరు వైపు మళ్లీ చూసింది. అంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. సరే, అడగాలన్నా ముందు చూడనివ్వాలి కదా!

"అదెట్ల చేయాల్నో నాకు తెల్వదు సిస్టర్," అంది తల దించుకుని. మూడేళ్లలో ఆ మాట ఆ నోట రావడం అదే మొదలు.

సాయినాథ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నాకు గూడ తెల్వదు. అందరం కలిసి చూద్దాం పట్టు."

మిగతావాళ్లూ చేరారు. హెప్సిబా కూడా ఇంటికి పోలేదు. సాయంత్రానికి, ఊరికే ఒక ముసలమ్మ పేరు కొట్టి చూస్తే, కంప్యూటర్ గొంతు విప్పింది: "పోచమ్మా, లోపలికి రా."

"రా కాదు బిడ్డా, రా అమ్మా అనిపియ్యి. భయపడుకుంట వస్తరు వాళ్లు."

లహరికి కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషమే, ఇంకేం కాదు.

"ఈ పని నీదే, ఎవ్వలకూ ఇయ్య," అన్నాడు సాయినాథ్.

హెప్సిబా సంచి అందుకుంది. "మళ్ల ఎప్పుడు రమ్మంటవు?"

లహరి కళ్లు తుడుచుకుంది. "సోమవారమే రాండ్రి సిస్టర్. అప్పటికి గూడ సగమే అయితది."