పెద్దమ్మకూ నాకూ ఒకటే తప్పక్షరం

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చినా నేను పెద్దమనిషిని కాలేదు. "కొందరికి ఆలస్యమైతాది లే" అని ఏళ్ల తరబడి సర్దిచెప్పిన అమ్మే చివరికి భయపడింది. ధర్మవరంలో మగ్గం పని నాయనకు వదిలేసి, నన్ను హిందూపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. స్కానింగ్‌లో గర్భసంచి కనిపించలేదు. నా రక్తం బెంగళూరుకు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ తలుపు మూసి మమ్మల్ని కూర్చోబెట్టింది.

"నీ క్రోమోజోములు ఎక్స్, వై" అంది నాతో.

నేను చదివేది జువాలజీ. ఎక్స్ వై అంటే మగ అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. చున్నీ సర్దుకుంటున్న నా చేయి నాదేనా అనిపించింది.

"వేరేవాళ్ల రక్తంతో కలిసిపోయిందేమో మేడం" అన్నాను.

"నాకూ అదే అనుమానం వచ్చి మళ్లీ చేయించాను."

ఆమె నెమ్మదిగా చెప్పింది. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏ మొత్తానికి నకలు తీసుకుంటుంది. ఎప్పుడో అలా తీసిన నకలులో, ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిపోయింది. కణం ఆ జన్యువును ఆర్ఎన్ఏగా రాసుకుని, దాన్ని బట్టి ప్రొటీన్ తయారుచేస్తుంది. అక్షరం తప్పు కాబట్టి ప్రొటీనూ తప్పుగానే తయారైంది. మగ హార్మోన్‌ను పట్టుకోవాల్సింది ఆ ప్రొటీనే.

"నీ ఒంట్లో ఆ హార్మోన్ ఉంది. కానీ కణాలు దాన్ని అందుకోలేవు. అందుకే అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆడపిల్లగానే పెరిగావు. నువ్వు ఆడపిల్లవే. నెలసరి మాత్రం రాదు, గర్భం రాదు."

అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇది యాడనుంచి వచ్చింది మేడం?"

"ఎక్కువగా తల్లి వైపు నుంచే వస్తుంది. మీ ఇంట్లో ఇలా ఎవరైనా ఉన్నారా?"

అమ్మ నా వైపు చూడకుండా "మా అక్క" అంది.

పెనుకొండలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ. గొడ్రాలని మొగుడు వదిలేశాడని మాత్రమే నాకు తెలుసు. ఆమె అసలు పెద్దమనిషే కాలేదనీ, అవ్వ ఆ సంగతి దాచి పెళ్లి చేసిందనీ అప్పుడే విన్నాను.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగిపోయాం. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చెనక్కాయలు వొలుస్తోంది. రిపోర్టులో ఉన్నదంతా నేనే చెప్పాను.

"అంటే నేను ఆడదాన్ని కాదంటాండావా పాపా?"

"ఆడదానివే పెద్దమ్మా. నేనెట్లనో నువ్వూ అట్లనే."

పెద్దమ్మ చేటను పక్కకు నెట్టేసింది. "నేను మొక్కని దేవుడు లేడు. ఏ జన్మ పాపమో అనుకుంటా బతికినా. ఒంట్లో రాతే ఇట్లుండాదని ఇన్నేండ్లలో ఒక్కరన్నా చెప్పలేదే!"

ఆమె ఏడవడం నేను అంతవరకూ చూడలేదు. అమ్మ దగ్గరికి వెళ్లబోతే చేయి విదిలించింది. "దాచిపెట్టి నాకు పెండ్లి చేసినారని నీకు తెలుసు గదా, నీకు అన్నీ తెలుసు గదా" అని అరిచింది.

తర్వాత పెద్దమ్మ తనంతట తానే హిందూపురం వచ్చి రక్తం ఇచ్చింది. ఆమెలోనూ అదే అక్షరం మారింది. ఆ మాట విన్నాక డాక్టరమ్మను ఒక్కటే అడిగింది: "ఈ పాపకు పెండ్లి చేస్తే ముందే చెప్పల్లా, వద్దా?"

"ముందే చెప్పాలమ్మా."

పెద్దమ్మ నా చేయి పట్టుకుని లేచింది. బస్టాండు దాకా వదల్లేదు.