పోశం కొలిచిన పాదాలు

గని స్టోరులో బూట్లిచ్చే పోశం నోరు మంచిది కాదని గోదావరిఖనిలో అందరికీ తెలుసు. నలభై దాటిన గని కార్మికుడు సదయ్య బూట్లు ఎనిమిదో నంబరు నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి పదికి మారితే ఊరుకుంటాడా? "పది నంబరు ఎవలికి? కంపెనీ బూట్లు బయట అమ్ముకుంటున్నవా?" అని షిఫ్టుకు దిగేవాళ్లందరి ముందూ కడిగేశాడట. 

2006 వానాకాలంలో ఆ సదయ్యనే నేను డాక్టరుగా ఉన్న దవాఖానకు మోసుకొచ్చారు. ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, వాంతులు, జ్వరం. మెడ బిగుసుకుపోయింది. మెదడు జ్వరమని మందులు మొదలుపెట్టాను. మర్నాటికి ఒక కనురెప్ప వాలిపోయింది. ఎన్ని సెలైన్లు ఎక్కించినా బీపీ నిలవడం లేదు. మనిషి చేజారిపోతున్నాడు. అతని భార్య సారవ్వ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం పోశం చూడ్డానికి వచ్చాడు. దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాల దగ్గరే ఆగిపోయాడు. వంగి, ఒక పాదాన్ని జానతో కొలిచాడు.

"సారూ, ఇవి నిజంగనే పది నంబరు కాళ్లు," అన్నాడు మెల్లగా. "మూడేండ్ల కింద నేనే ఎనిమిది ఇచ్చిన. గీ వయసుల కాళ్లు పెరుగుతయా?"

పెరుగుతాయి. మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ లేస్తే చేతులూ పాదాలూ ఏళ్ల తరబడి పెరుగుతాయి. అది కంటి నరాలను నొక్కితే పక్కచూపు పోతుంది. ఆ గడ్డలో హఠాత్తుగా రక్తం చిమ్మితే అచ్చం మెదడు జ్వరంలాగే ఉంటుంది. ఒంటిని నిలబెట్టే స్టెరాయిడ్ ఆగిపోయి బీపీ కూలిపోతుంది. సదయ్య చెయ్యి పట్టుకున్నాను. చేట లాంటి చెయ్యి. రెండు రోజులుగా ఆ చేతికే సూదులు గుచ్చుతున్నాను, బుద్ధిలేనివాణ్ణి!

సారవ్వను అడిగాను. "ఉంగరం పడుతలేదని తీసేసిండు సారూ. పక్కపొంటి మనుషులు కనవడక గుద్దుకునేటోడు. తాగిండనుకున్న," అంది.

పాత మందులు ఆపకుండానే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. అంబులెన్సు సిద్ధమయ్యేలోపే బీపీ లేచింది. సదయ్య ఒక కన్ను తెరిచి "నీళ్లు" అన్నాడు. ఇన్నేళ్ల వైద్యంలో అంత వింత నేను చూడలేదు. కరీంనగర్ స్కాన్‌లో గడ్డే కనబడింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు, చూపు దక్కింది.

తిరిగొచ్చాక సారవ్వ నా కాళ్లకు మొక్కబోయింది. ఆపి, పోశాన్ని పిలిపించాను. బతికించింది ఇతనేనని చెప్పాను. పోశం తల దించుకున్నాడు.

"నేను నీ పెనిమిటిని దొంగ లెక్క చూసినోన్ని చెల్లె."

"గట్ల చూసినవు గనుకనే గదన్నా," అంది సారవ్వ, "ఆయన కాళ్లు నీకు యాదికున్నయి. నేను రోజూ చూసుకుంట సుత ఎరుకపట్టలే."